ప్రాణమున్న పొడి

తాడేపల్లిగూడెం మార్కెట్ వీధి చివర భాస్కరరావు దాణా కొట్టు ఉంది. పొద్దున్న ఎనిమిదింటికి తలుపులు తీస్తే పదింటిదాకా ఊపిరి సలపని బేరం. గేదెలున్న రైతులు, కోళ్ల ఫారాలవాళ్లు, మేకలు పెంచేవాళ్లు ఒకరిద్దరు వచ్చి బల్ల మీద చేతులానించి నిలబడతారు. భాస్కరరావు మంచి మాటకారి. ఎవరి గేదె ఎన్నో ఈతలో ఉందో, ఎవరి పెయ్యకి పాలు అరగడం లేదో ఆయనకు గుర్తే. మందు పొట్లం ఇచ్చేటప్పుడు ఎంత వెయ్యాలో, ఎప్పుడు వెయ్యాలో, వేశాక నీళ్లు పట్టొచ్చో లేదో ఒకటికి రెండుసార్లు చెప్పి పంపిస్తాడు. చాలామంది ఆ మాటల కోసమే దగ్గర్లో ఉన్న కొట్లు వదిలేసి ఇక్కడిదాకా వస్తారు.

ఆ బుధవారం వచ్చినవాళ్లలో ప్రభావతి ఉంది. నలభై రెండేళ్ల మనిషి. ఉంగుటూరు దాటాక కాలవ గట్టు మీదున్న ఒక ఊళ్లో, ఇళ్లన్నిటికీ దూరంగా, ఆమెకు పందుల షెడ్డు ఉంది. ఆరు తల్లి పందులు, వాటి పిల్లలు. భర్త వరదానం కలిదిండి దగ్గర చేపల చెరువుల మీద పనిచేస్తూ ఆదివారాలు మాత్రం ఇంటికొస్తాడు. షెడ్డు పనంతా ఆమెదే. గూడెం వెళ్లే రోజున పని ముగించుకుని, తలస్నానం చేసి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని మరీ బస్సెక్కుతుంది.

ఆమె కొట్టు మెట్టెక్కబోతుంటే భాస్కరరావు లోపలినుంచి నవ్వుతూ అన్నాడు.

"అక్కడే ఉండండమ్మా. మీకెందుకు శ్రమ, నేనే తెచ్చి ఇస్తాను."

ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. విన్నవాళ్లు ఈ కొట్టాయన ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు. నాలుగేళ్లుగా ప్రభావతి ఆ మర్యాద చాటునే మెట్టు కింద నిలబడుతోంది. మిగతావాళ్లకు ఆ శ్రమ ఎందుకు తప్పించడో ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. మన ప్రాంతంలో మాట మెత్తన. అవమానం కూడా ఒక్కోసారి ఆ మెత్తదనంలోనే చుట్టి చేతికిస్తాం. పుచ్చుకున్నవాళ్లు దాన్ని అవమానమని అనడానికి కూడా వీలుండదు.

ఆమెకు ఆ రోజు అడగవలసినవి చాలా ఉన్నాయి. పిల్లలకు నాలుగు వారాలు నిండగానే తల్లి దగ్గర్నుంచి విడదీసి మేతకు అలవాటు చేస్తుంది. త్వరగా విడదీస్తే తల్లి త్వరగా మళ్లీ చూలు కడుతుందని పందులు కొనడానికొచ్చే ఆసామి చెప్పాడు. విడదీసిన మూడో రోజుకో నాలుగో రోజుకో పిల్లలు పారుకోవడం మొదలుపెడతాయి. తోక కింద తడి, లోపలికి పోయిన కళ్లు, మూలన ఒకదాని మీద ఒకటి పడి వణకడం. రెండేళ్ల కిందట భాస్కరరావు ఇచ్చిన పసుప్పచ్చ పొడి మేతలో కలిపితే కట్టేసింది. అది యాంటీబయాటిక్. అప్పటినుంచి జబ్బున్నా లేకపోయినా రోజూ కలుపుతూనే ఉంది. మొదట్లో తొట్టికి ఒక చెంచా సరిపోయేది. ఇప్పుడు మూడు చెంచాలు వేసినా ఆగడం లేదు. కిందటి ఈతలో పదకొండు పిల్లలకు నాలుగే మిగిలాయి.

ఇదంతా మెట్టు కిందినుంచి, బల్ల దగ్గరున్న నలుగురి భుజాల మీదుగా చెప్పడం ఎలాగ? "పిల్లలు మళ్లీ పారుకుంటున్నాయండీ, పాత పొడి పనిచెయ్యట్లేదండీ" అని మాత్రం అంది.

భాస్కరరావు పాత పొడితోపాటు వెండి రంగు కవరు ఒకటి తెచ్చి ఆమె సంచిలో వేశాడు. "ఇది కొత్తదమ్మా, ప్రోబయోటిక్. కడుపుకి మంచిది. మేతలో కలపండి."

"ఎంత కలపమంటారండీ?" అని ఆమె అడిగేలోపు ఎవరో గేదె రైతు దూడ సంగతి ఎత్తాడు. ఆయన అటు తిరిగిపోయాడు. ప్రభావతి కాసేపు నిలబడి చూసి బస్టాండు వైపు నడిచింది.

ఇంటికొచ్చి భర్తకు ఫోన్ చేసింది.

"ప్రోబయోటికా? మా చెరువుల్లో వేస్తారు కదా," అన్నాడు వరదానం. "బెల్లం నీళ్లలో కలిపి డ్రమ్ములో నానబెట్టి చల్లుతారు. మంచిదే అది."

"ఎంత వెయ్యాలో మీకు తెలుసాండీ?"

"నాకేం తెలుసు. కంపెనీ టెక్నీషియన్ కారేసుకొచ్చి గట్టు మీద కూర్చుని మా ఓనరు గారికి చెప్తాడు. ఆయన చెప్పినట్టు మేం చల్లుతాం. మనకెవరూ చెప్పలేదా?"

ఆమె ఫోన్ పెట్టేసి కవరు చేతిలోకి తీసుకుంది. దాని మీద ఒక పంది బొమ్మ ఉంది, మిగతాదంతా ఇంగ్లీషు. ప్రభావతి తెలుగు బైబిలు తడుముకోకుండా చదవగలదు కాని ఇంగ్లీషు రాదు. కూతురు జాయ్సీ ఏలూరులో హాస్టల్లో ఉండి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. ఆ పిల్లను ఫోన్లో అడిగి చదివించుకోవచ్చు. కాని తమకు పందులున్న సంగతి జాయ్సీ స్నేహితురాళ్లకు తెలియదు. ఇంట్లో ఏం చేస్తారని అడిగితే వ్యవసాయం అని చెప్పుకుంటుంది. నలుగురి మధ్య ఉన్నప్పుడు ఫోన్ చేసి పందుల మాట ఎత్తడం ప్రభావతికి ఇష్టం లేకపోయింది.

తనకు తోచినట్టే చేసింది. నూకలు, తవుడు, కాస్త వేరుశనగ చెక్క కలిపి జావ కాచింది. పొయ్యి మీదనుంచి దించగానే, ఆవిరి పోతుండగా, అందులో మూడు చెంచాల పాత పొడి, మూడు చెంచాల కొత్త పొడి వేసి కలియతిప్పింది. వేడిలో బాగా కలుస్తుందని ఆమె ఉద్దేశం. చల్లారాక తొట్లలో పోసింది. అలా ఆరు రోజులు చేసింది. ఈ ఈతలోని తొమ్మిది పిల్లలకు ఆరు పోయాయి. ఒక్కొక్కదాన్నీ గోనె పట్టాలో చుట్టి షెడ్డు వెనక గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చింది. ఆరోదాన్ని పూడ్చాక చేతులు కడుక్కుని గట్టు మీద చాలాసేపు కూర్చుంది. ఏడుపు రాలేదు. ఈ పని తనకు చేతకాదేమో అని మాత్రం మొదటిసారి అనిపించింది.

శనివారం జాయ్సీ వచ్చింది. తల్లి ముఖం చూసి సంగతి అడిగి, పొయ్యి గట్టు మీదున్న వెండి కవరు తీసి తిరగేసింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"అమ్మా, దీన్ని వేడి జావలో వేశావా?"

"అవునే."

"పసుపు పొడి కూడా కలిపే వేశావా?"

"రెండూ కడుపుకే కదా. కలిపే వేశాను."

జాయ్సీ తల్లి పక్కన కూర్చుంది. "ఇందులో ఉన్నవి బతికున్న సూక్ష్మజీవులమ్మా. పెరుగులో తోడు ఉంటుంది చూడు, అలాంటివి. మరిగే పాలలో తోడు వేస్తే పెరుగవుతుందా? వేడి వస్తువులో కలపొద్దని ఇక్కడ రాశారు. యాంటీబయాటిక్‌తో కలిపి ఇవ్వొద్దని కూడా రాశారు. అది వీటిని చంపేస్తుంది."

ప్రభావతి కవరు తీసుకుని ఆ అక్షరాల వంక చూసింది. తన పిల్లల ప్రాణం చీమ తలకాయంత అక్షరాలలో అక్కడే ఉంది. ఆరు రోజులూ పొయ్యి పక్కనే ఉంది.

"నాకు ఫోన్ చెయ్యకపోయావా అమ్మా?"

"నీ పక్కన ఎవరైనా ఉంటారేమోనని."

జాయ్సీకి ఆ మాట అర్థమైంది. తల దించుకుని, "సోమవారం నేను కాలేజీ మానేస్తాను. పశువుల ఆసుపత్రికి వెళ్దాం," అంది.

ఆ సాయంత్రమే ప్రభావతి ఒక్కతే మరోసారి గూడెం వెళ్లింది. ఈసారి మెట్టెక్కి బల్ల దగ్గర నిలబడింది. కొట్లో ఇద్దరు ముగ్గురు పక్కకు జరిగారు. ఖాళీ కవరు బల్ల మీద పెట్టి, "ఇది వేడి జావలో వెయ్యకూడదంటండీ. మీరు చెప్పలేదండీ," అంది.

భాస్కరరావు గొంతు ఎప్పటిలా మెత్తగానే ఉంది. "మీరు అడగలేదు కదమ్మా."

"అడిగానండీ. మీరు అటు తిరిగారు."

ఆయన కవరును అటూ ఇటూ తిప్పి, "ఈసారి చెప్తాలెండి," అన్నాడు. ఆమె ఏమీ కొనకుండా దిగి వచ్చేసింది.

సోమవారం తల్లీకూతుళ్లు తమ మండలంలోని పశువుల ఆసుపత్రికి వెళ్లారు. మిగిలిన మూడింటిలో ఒక పిల్ల ఆ ఉదయం చనిపోతే దాన్ని డాక్టరు చూస్తారేమోనని మూతున్న బకెట్టులో పెట్టుకొచ్చారు. గేటు దగ్గర అటెండరు, "పందులవాళ్లు వెనక వైపుకి వెళ్లండి, ముందు వైపు గేదెలున్నాయి," అన్నాడు. వెనక వైపు నీళ్ల ట్యాంకు పక్కన గంటన్నర నిలబడ్డారు. ఎవరూ రాలేదు. చివరికి జాయ్సీ తల్లి చెయ్యి పట్టుకుని ముందు వైపునుంచి నేరుగా డాక్టరు గదిలోకి తీసుకెళ్లింది.

"మేడం, మాకు పందులున్నాయి. మా పిల్లలు చచ్చిపోతున్నాయి," అంది. మాకు పందులున్నాయని ఆ పిల్ల బయటివాళ్ల ముందు అనడం ప్రభావతి వినడం అదే మొదటిసారి.

డాక్టర్ రమ్యశ్రీ ముప్ఫై ఏళ్లలోపు మనిషి. వరి పొలాలున్న రైతు కుటుంబంనుంచి వచ్చింది. ఆ మండలానికి వచ్చి ఎనిమిది నెలలైంది. అంతా విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇది. "మీ వైపు పందుల షెడ్లు ఎన్ని ఉన్నాయండీ?"

"ఏడండీ."

"ఎనిమిది నెలల్లో ఒక్కరు కూడా నా దగ్గరకు రాలేదే?"

"వచ్చినవాళ్లు వెనకే నిలబడి వెళ్లిపోతారండీ," అంది ప్రభావతి.

డాక్టరు గేటు వైపు చూసింది. బకెట్టులోని పిల్లను తీసి అక్కడే కోసి చూసింది. పేగు పల్చబడి, గాలి పట్టి, కాగితంలా ఉంది. కడుపులో మేత అరగకుండా గడ్డకట్టింది. పందుల మందల్ని తుడిచిపెట్టే స్వైన్ ఫీవరు లక్షణాలు కనబడలేదని చెప్పి, అనుమానం తీరడానికి నమూనాలు పరీక్షకు పంపింది. ఆ మధ్యాహ్నమే బూట్లు వేసుకుని షెడ్డుకు వచ్చింది.

షెడ్డులో ఆమె గంటకు పైగా ఉంది. నేల తడిమి చూసింది, తొట్టిలో నీళ్లు చేత్తో తీసి వాసన చూసింది, తల్లి పందుల పొదుగులు చూసింది. తర్వాత తలకిందులుగా బోర్లించిన బకెట్టు మీద కూర్చుని చెప్పింది.

"చూడండి ప్రభావతి గారూ. పిల్ల పుట్టగానే తల్లి పాలతో, తల్లి ఒంటినుంచి కొన్ని మంచి సూక్ష్మజీవులు దాని పేగులోకి చేరతాయి. అవి అక్కడ చోటంతా ఆక్రమించుకుంటే చెడ్డవాటికి చోటుండదు. మీరు నాలుగు వారాలకే పాలు మాన్పించారు. దానికి అరిగించుకునే శక్తి ఇంకా రాలేదు. ఒకేరోజు పాలు పోయి చిక్కటి జావ వచ్చింది, తల్లి పోయింది, చోటు మారింది, నేల తడి. ఆ సందు చూసి చెడ్డవి పెరిగాయి. మీరు పసుపు పొడి వేశారు. అది చెడ్డవాటితోపాటు మంచివాటినీ చంపింది. రోజూ కొద్దికొద్దిగా వెయ్యడంవల్ల చెడ్డవి దానికి అలవాటుపడ్డాయి, మంచివి తిరిగి రాలేదు."

"అయితే ఆ వెండి కవరు వేస్తే సరిపోతుందాండీ?"

"సరిపోదు. అదేమీ మంత్రం కాదు. కొన్నిచోట్ల బాగా పనిచేస్తుంది, కొన్నిచోట్ల అంతగా చెయ్యదు. తడి నేల మీద, మురికి నీళ్లతో ఏ పొడీ పనిచెయ్యదు. మిగతావన్నీ సరిగ్గా ఉంటే అది తోడుగా నిలబడుతుంది, అంతే."

ఏం చెయ్యాలో కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది. పిల్లల్ని ఎనిమిది వారాలదాకా తల్లి దగ్గరే ఉంచాలి. రెండో వారంనుంచే కొద్దికొద్దిగా మేత రుచి చూపించాలి. ప్రోబయోటిక్‌ను గోరువెచ్చటి జావలో, పెట్టే ముందు మాత్రమే, కింద రాసిన కొలత ప్రకారం కలపాలి. కవరును పొయ్యి గట్టు మీద కాకుండా చల్లటి చోట దాచాలి. పొడి గోనె పట్టాలు రోజూ మార్చాలి. యాంటీబయాటిక్ రోజూ కలపడం ఆపెయ్యాలి. జబ్బు చేస్తే డాక్టరు చూసి చెప్పాకే, చెప్పినన్ని రోజులు వాడాలి.

పది రోజులకు పరీక్ష ఫలితం వచ్చింది. స్వైన్ ఫీవరు కాదు. ఆ పిల్ల పేగులో దొరికిన క్రిములమీద పసుపు పొడి ఏ మాత్రం పనిచెయ్యడం లేదు. ఈమధ్య మూడేసి చెంచాలు వేసిందంతా వృథాగా పోయిందన్నమాట.

నెల తిరక్కుండా మరో తల్లి పంది ఈనింది. పది పిల్లలు. ప్రభావతి కాగితం షెడ్డు గోడకు అంటించింది. జావ కాచి, వేలు ముంచి చూసి, చల్లారాకే పొడి కలిపేది. పందులు కొనే ఆసామి వచ్చి, పిల్లలు ఇంకా తల్లి దగ్గరే ఉన్నాయేమిటని విసుక్కున్నాడు. ఆమె పట్టించుకోలేదు.

ఎనిమిది వారాలు నిండాక విడదీసింది. మూడు రోజులు బాగానే ఉన్నాయి. నాలుగో రోజు ఆదివారం, చర్చినుంచి వచ్చేసరికి రెండు పిల్లలు పారుకుంటున్నాయి. వరదానం ఇంట్లోనే ఉన్నాడు. చూరులో మిగిలిపోయిన పసుపు పొట్లం తీశాడు.

"ఒక్క చెంచా వెయ్యి ప్రభా. మిగతా ఎనిమిదింటికీ అంటుకుంటే?"

ఆమెకు చెయ్యి చాపాలనిపించింది. గొయ్యి తవ్విన రోజులు ఇంకా ఒంట్లోంచి పోలేదు. "కిందటిసారి మూడు చెంచాలు వేశానండీ. ఆగిందా?" అంది.

"ఏమీ వెయ్యకుండా చూస్తూ ఎలా ఊరుకుంటాం?"

"ఊరుకోవద్దు. ఆ రెండింటినీ వేరే గదిలో పెట్టండి. నేను డాక్టరమ్మకు ఫోన్ చేస్తాను."

ఆదివారమైనా డాక్టర్ రమ్యశ్రీ వచ్చింది. జ్వరం చూసింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు గంట గంటకూ పట్టమంది. ఒకదానికి జ్వరం ఎక్కువగా ఉంటే ఆ ఒక్కదానికే, పరీక్షలో పనిచేస్తుందని తేలిన మందు ఇంజెక్షన్ చేసింది. వరదానం సోమవారం పనికి వెళ్లకుండా సీసాతో నీళ్లు పడుతూ కూర్చున్నాడు. వాటిలో ఒకటి మంగళవారం చచ్చిపోయింది. ఇంజెక్షన్ చేసింది లేచి తొట్టి దగ్గరకు నడిచింది. మిగతా ఎనిమిదికి ఏమీ కాలేదు. పదింటికి తొమ్మిది బతికాయి.

పసుపు పొట్లాన్ని వరదానమే తీసుకెళ్లి డాక్టరుకు అప్పగించి వచ్చాడు.

తర్వాతి నెలలో డాక్టరు రైతు సేవా కేంద్రంలో ఒక సమావేశం పెట్టింది. గేదెలున్నవాళ్లతోపాటు ఏడు పందుల షెడ్లవాళ్లకూ తానే వెళ్లి చెప్పింది. దాణా కొట్లవాళ్లనూ రమ్మంది. భాస్కరరావు కూడా వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. జాయ్సీ తన ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. మాట్లాడమని డాక్టరు పిలిస్తే ప్రభావతి లేచి, తాను చేసిన తప్పుతో మొదలుపెట్టి, వేడి జావ దగ్గర్నుంచి వేరే గదిదాకా జరిగిందంతా చెప్పింది. ఏడు పిల్లలు పోయిన సంగతి దాచలేదు, పదింటిలో ఒకటి పోయిన సంగతీ దాచలేదు.

ఆమె కూర్చోబోతుంటే బంగార్రాజు అనే గేదెల రైతు లేచాడు. ఊళ్లో పెద్దరికం ఉన్న మనిషి.

"మా దూడలకు కూడా రోజూ ఆ పసుపు పొడే వేస్తున్నామమ్మా. మా దగ్గరా ఇలాగే అవుతుందంటారా?"

"మీ దూడల సంగతి డాక్టరమ్మ గారు చెప్పాలండీ," అంది ప్రభావతి. "మా దగ్గర మాత్రం ఇలా జరిగింది. మీరొచ్చి చూస్తానంటే షెడ్డు చూపిస్తాను."

బంగార్రాజు ఒక్క క్షణం తటపటాయించి, "వస్తానమ్మా," అన్నాడు.

చివర్లో డాక్టర్ రమ్యశ్రీ లేచింది. ఆమె గొంతు పెంచలేదు.

"ప్రభావతి గారు తన తప్పు చెప్పారు. నా తప్పు నేను చెప్పాలి. కాలేజీలో నేను పందుల గురించి కూడా చదువుకున్నాను. ఈ మండలానికి వచ్చి ఎనిమిది నెలలు ఆ చదువు నా దగ్గరే ఉండిపోయింది. మా ఆసుపత్రి వెనక ఎవరో నిలబడి వెళ్లిపోతున్నారని నేను తెలుసుకోలేదు. ఆ మందు ఎలా వాడాలో తెలిసినవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందిమి ఉన్నాం. ఈమెకు చెప్పాలని ఒక్కరికీ అనిపించలేదు, ఎందుకంటే ఈమె పెంచేది పందుల్ని. ఒకరి పనిని నీచమనుకుంటే వాళ్లను దూరంగా పెడతాం, దూరంగా పెట్టినవాళ్లకు చెప్పాల్సింది చెప్పం. దాని నష్టం వాళ్ల షెడ్డులో ఆగదండీ. అక్కడ మందుకు లొంగకుండా పెరిగిన క్రిమి రేపు మీ దూడ దగ్గరకు రావచ్చు, మన పిల్లల దగ్గరకూ రావచ్చు. అందుకని తెలిసినవాళ్లు వెళ్లి తెలియనివాళ్లకు చెప్పడాన్ని దయ అనుకోకండి, అది మన బాధ్యత. ఎవరి పని ఏదైనా సరే, వాళ్లను లోపలికి పిలిచి కూర్చోబెట్టి చెప్పడంతోనే ఆ బాధ్యత మొదలవుతుంది."